మా కాలనీ ట్రాక్టరు వాల్వు బాగుపడిన విధం

హౌరా బ్రిడ్జి ఉన్న ఊళ్ళోనే, గార్డెన్ రీచ్‌లో ఓడలు కట్టే యార్డు గోడ వెంబడి నడిచి, ఆటోలు ఆగే మలుపు దగ్గర ఎడమకు తిరిగితే మా కాలనీ. నలభై ఇళ్ళు, అన్నీ తెలుగువాళ్ళవే. మా నేల నది కన్నా ఎత్తా పల్లమా అన్న విషయంలో పెద్దవాళ్ళకు రెండు అభిప్రాయాలున్నాయి గానీ, వానాకాలంలో నీళ్ళకు మాత్రం ఏ సందేహమూ లేదు. తిన్నగా వచ్చి కూర్చుంటాయి.

కాలనీ చుట్టూ ఒక మురుగు కాలువ ఉంది. అది ఏటా పూడిపోతుంది. పూడిక తీయడానికని మా సంఘంవాళ్ళు ఎప్పుడో, రేవులో పాత సామాను వేలం వేసినప్పుడు, ఒక ట్రాక్టరు కొన్నారు. దానికి ముందువైపు రెండు ఇనుప చేతులు, వాటి చివర ఒక పెద్ద బకెట్టు. డ్రైవరు సీటు పక్కనున్న లివరు లాగితే బకెట్టు పైకి లేస్తుంది, తోస్తే దిగుతుంది, వదిలేస్తే ఎక్కడిదక్కడ ఆగుతుంది. ఆగాలి. ఈ కథంతా ఆ ఆగడం గురించే.

నేను పుట్టి పెరిగింది ఇక్కడే. బీమా ఆఫీసులో ఉద్యోగం. మా సంఘానికి సంయుక్త కార్యదర్శిని అయింది ప్రతిభ వల్ల కాదు, అక్షరాల వల్ల. సంఘం మినిట్స్ తెలుగులోనే రాయాలని స్థాపకులు నియమం పెట్టి వెళ్ళిపోయారు. ఇప్పుడు కాలనీలో యాభై లోపు వయసున్నవాళ్ళలో తెలుగు రాయగలిగినవాళ్ళం ముగ్గురం. ఒకామెకు బదిలీ అయింది. రెండో ఆయన, తన పేరు ప్రతిపాదించగానే, తనకు తెలుగు రాదని బెంగాలీలో ఒట్టు వేశాడు. మిగిలింది నేను.

మా అధ్యక్షుడు బ్యాంకులో పెద్ద అధికారిగా చేసి రిటైరయ్యారు. కృష్ణా జిల్లా మనిషి. ఇస్త్రీ మడత చెదరని తెల్ల పైజామా, లాల్చీ. ఏ పనికైనా ముందు ఒక ఉపసంఘం వెయ్యాలంటారు. ఉపసంఘానికి కూడా తనే అధ్యక్షుడు. ఉపాధ్యక్షుడు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసరు గారు. ఆయనకు ప్రతి వస్తువూ ఎలా పనిచేస్తుందో తెలుసు. ఏ వస్తువూ ఎందుకు పని చెయ్యడం లేదో మాత్రం తెలియదు.

ట్రాక్టరు జబ్బు పదిమందికీ తెలిసింది జెండా పండుగ రోజున. జెండా కర్ర చివరనున్న కప్పీలో తాడు ఇరుక్కుపోయింది. నిచ్చెన వెతికితే దొరకలేదు. మా డ్రైవరు భాయ్ ట్రాక్టరు తెచ్చి, బకెట్టులో నిలబడితే చెయ్యి అందుతుందన్నాడు. అధ్యక్షుడు వెంటనే తనే ఎక్కారు. ఇంత ఎత్తు అవకాశం ఇంకొకరికి ఇవ్వడం ఆయన స్వభావం కాదు. బకెట్టు పైకి లేచింది, తాడు విడిపోయింది, జెండా ఎగిరింది. చప్పట్లు వినబడేసరికి ఆయనకు అక్కడి నుంచే మాట్లాడాలనిపించింది. మాటలు వినబడాలి కదా అని ఇంజను ఆపించారు.

ప్రసంగం దేశం ఎలా పైపైకి పోతోందన్న సంగతితో మొదలైంది. రెండు నిమిషాలకు ఆయన తల జెండా కర్ర మధ్యకు వచ్చింది. విద్యారంగం దగ్గరికి వచ్చేసరికి చెప్పులు మా కళ్ళ ఎత్తున ఉన్నాయి. మన కాలనీ కూడా ఉన్నత శిఖరాలు అందుకోవాలని ఆయన ముగించేసరికి బకెట్టు నెమ్మదిగా నేలకు ఆనింది. ఆయన అరచేతులు జోడించి, అదే ఊపులో కిందికి అడుగు వేశారు. దిగిపోతున్నానని ఆయనకు చివరిదాకా తెలియలేదు. ముందు వరసలో పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. ప్రొఫెసరు గారు మాత్రం నా వైపు వంగి, "చూశావా అమ్మాయ్, పీడనం క్షీణిస్తోంది," అన్నారు.

ఆ వారమే సమావేశం. నేను మినిట్స్ పుస్తకం తెరిచి "హైడ్రాలిక్ కంట్రోల్ వాల్వు మరమ్మతు" అని రాయబోతే ప్రొఫెసరు గారు చెయ్యి ఎత్తారు. స్థాపకులు తెలుగులో రాయమన్నది తెలుగు లిపిలో ఇంగ్లీషు రాయమని కాదన్నారు. "ద్రవచోదిత నియంత్రణ కవాటం" అని రాయమన్నారు. అధ్యక్షుడికి "కవాటం" అంటే గుండెజబ్బు గుర్తొస్తుందట, ఆయన ఇంట్లో ఒకరికి ఆ బాధ ఉంది. ముప్పావు గంట చర్చించి, రెండు పేర్లూ పక్కపక్కన రాయాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఆ తర్వాత వాల్వు సంగతి మాట్లాడడానికి టైము చాలలేదు.

ఏక్‌బాల్‌పూర్‌లో మాకు తెలిసిన ఒక ఫిట్టరు ఉన్నాడు. రేవు వర్క్‌షాపులో జీవితమంతా పనిచేసి రిటైరయ్యాడు. వాళ్ళ తాతలది శ్రీకాకుళం వైపు. మా అమ్మా ఆయన భార్యా ఒకే చర్చికి వెళ్ళేవారు కాబట్టి నేను బాబాయ్ అంటాను. మర్నాడు ఫోను చేస్తే సైకిలు మీద వచ్చాడు. క్యారేజీకి ఒక గోనెసంచి కట్టి ఉంది. రాగానే ట్రాక్టరు వైపు కాకుండా నా వైపు చూశాడు.

"ఏటమ్మా, వాలు పోనాదంతన్నారు. వాలే పోనాదో, జాకీలే పోనాయో సూసినారేటి?"

ఎవరూ చూడలేదని చెప్పాను.

బకెట్టు ఎత్తించి, కింద పాత రైలు స్లీపరు చెక్కలు పేర్చి దాన్ని ఆనించాడు. చేతుల్ని పైకి నెట్టే రెండు జాకీల నుంచి వాల్వుకు వచ్చే గొట్టాలు విప్పి, జాకీల మూతులకు బోల్టులు బిగించేశాడు. చెక్కలు తీయించాడు. బకెట్టు గాలిలో అలాగే నిలబడింది. పావుగంట చూశాం. వెంట్రుకవాసి కదల్లేదు.

"సూసినావా తల్లీ. జాకీలు బంగారం. నూనె ఎనక్కి జారిపోతన్నది వాల్లోనే. లోన ఒక కడ్డీ ఉంతాది, ముందుకీ ఎనక్కీ తిరుగుతాది. దాని ఒంటిమీద తుప్పో, గీతో పడుంతాది. ఇప్పి, కడిగి, రబ్బరు రింగులు మారిస్తే ఇంకో రెండేళ్ళు లాగీవచ్చు. ఒక పూట పని."

అధ్యక్షుడు కాస్త దూరంలో నిలబడి విన్నారు. ఒక పూట పని అన్న మాట ఆయనకు నచ్చలేదు. పావుగంటలో, చెక్కలతో, ఒక సైకిలు మనిషి తేల్చేసిన విషయం మీద సంఘం ఎలా తీర్మానం చేస్తుంది? "నిపుణుల అభిప్రాయం కూడా తీసుకుందాం," అన్నారు. బాబాయ్ గొట్టాలు మళ్ళీ బిగించాడు. గోనెసంచి క్యారేజీకి కట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక వాల్వు ఉపసంఘం ఏర్పడింది.

ఇంతలో ఇంకో వార్త వచ్చింది. మా కాలువను పెద్ద కాలువలో కలపడానికి కార్పొరేషను ఇంజనీరు స్వయంగా చూడడానికి వస్తున్నాడు. మేం ఎంత చక్కగా పూడిక తీసుకుంటున్నామో ఆయనకు చూపించాలి. అధ్యక్షుడు ఫోనులో వీడియోలు చూడడం మొదలుపెట్టారు. వారం రోజులు చూశారు. ఎనిమిదో రోజు, ఆదివారం ఉదయం, డ్రైవరు భాయ్ చేత వాల్వు విప్పించి ఇంటికి తీసుకుపోయారు.

నేను వెళ్ళేసరికి ఆయన డైనింగ్ టేబులు మీద పాత చీర పరిచి ఉంది. దాని మీద వాల్వు ముక్కలు. ఆయన కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. చేతిలో ఎమిరీ కాగితం. బొటనవేలంత లావున్న ఆ ఇనుప కడ్డీని, స్పూల్ అంటారు దాన్ని, ఒళ్ళో పెట్టుకుని రుద్దుతున్నారు. నుదుట చెమట. ఆయన్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

"చూడమ్మాయ్, ఎలా ఉండేదో, ఎలా అయిందో!"

నిజంగానే అది వెండి గ్లాసులా మెరుస్తోంది. ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. దండాలు, పూలగుత్తులు, బొటనవేళ్ళు వరసగా వచ్చి పడ్డాయి. ప్రొఫెసరు గారు "ఘర్షణ తగ్గింది, శుభం" అని రాశారు. నేను కూడా ఒక బొటనవేలు పెట్టాను. ఇది దాచి లాభం లేదు.

అన్నీ మళ్ళీ అమర్చాక చీర మీద ఒక చిన్న ఇనుప గోలీ, ఒక స్ప్రింగు మిగిలాయి.

"ఇవి ఎక్కడివి అంకుల్?" అన్నాను.

"అదనంగా వేసుంటారు. పాతకాలం కంపెనీలు ఉదారంగా ఉండేవి," అని ఆయన వాటిని ఖాళీ మాత్రల డబ్బాలో వేసి మూత పెట్టారు.

ఇంజనీరు వచ్చిన రోజు వాన తెరిపి ఇచ్చింది. కాలువ గట్టు మీద కుర్చీలు వేశాం. అధ్యక్షుడు కొత్త లాల్చీ వేసుకున్నారు. ప్రొఫెసరు గారు ద్రవ పీడన సూత్రం మీద నాలుగు ముక్కలు చెప్పడానికి కాగితం తెచ్చుకున్నారు. ఇంజనీరు నెమ్మదస్తుడైన బెంగాలీ ఆయన, నా పక్కనే నిలబడి టీ తాగుతున్నాడు. డ్రైవరు భాయ్ బకెట్టును కాలువలోకి దించి నిండా పూడిక తీశాడు. ఇంజను రొద పెట్టింది, బకెట్టు మూలుగుతూ లేచింది. మనిషెత్తు దాటింది. భాయ్ లివరు వదిలాడు.

జెండా పండుగనాడు అది మర్యాదగా దిగింది. ఈసారి అలా లేదు. ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, జారడం మొదలుపెట్టింది. భాయ్ కంగారుగా మళ్ళీ లివరు లాగాడు. పైకి లాగినకొద్దీ అది ఇంకా వేగంగా పడింది. సగం బకెట్టు గట్టు మీద, సగం కాలువలో పడింది. బురద గట్టంతా ఎగజిమ్మింది. తర్వాత అందరం ఒకే రంగులో ఉన్నాం.

దేవుడి దయవల్ల కింద ఎవరూ లేరు. ఇంజనీరు కళ్ళజోడు తీసి రుమాలుతో తుడుచుకున్నాడు. టీ గ్లాసులోకి చూశాడు. దాన్ని జాగ్రత్తగా కుర్చీ మీద పెట్టి, "దీదీ, కాలువలో పూడిక ఉందన్న విషయం నాకు పూర్తిగా అర్థమైంది," అని బెంగాలీలో అన్నాడు. అంతకన్నా మర్యాదగా ఎవరూ మమ్మల్ని చీవాట్లు పెట్టలేదు. ట్రాక్టరు బాగుచేసుకున్నాక కబురు పెట్టమని చెప్పి వెళ్ళిపోయాడు.

అధ్యక్షుడు లాల్చీ మీది బురద ఎండిపోయేదాకా అక్కడే కుర్చీలో కూర్చున్నారు. నాకు నవ్వు రావాల్సింది. రాలేదు.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి ఏక్‌బాల్‌పూర్ వెళ్ళాను. బాబాయ్ గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని, పెద్ద అక్షరాల బైబిలును భూతద్దంతో చదువుకుంటున్నాడు. కళ్ళలో శుక్లాలు ముదిరాయని అప్పుడే తెలిసింది నాకు.

"వొచ్చినావా. కూకో. ఏటి, పడిపోనాదా?"

"నీకెవరు చెప్పారు బాబాయ్?"

"గార్డెన్ రీచ్‌లో ఒక్క బస్సు కండక్టరు మిగల్నేదమ్మా, అందరూ సెప్పీసినారు."

నేను వచ్చిన పని చెప్పాను. ఆయన భూతద్దం బైబిలులో పెట్టి మూశాడు.

"నాను సెప్పినప్పుడు ఇన్నారేటి? నిపునులు గావాలన్నారు. నిపునులొచ్చీసినారు కదా. ఇంక నానెందుకు?"

బతిమాలడం నాకు చేతకాదు. చెప్పింది విననందుకు తప్పు మాదేనన్నాను. వాట్సాపులో బొటనవేలు పెట్టిన సంగతి కూడా చెప్పేశాను. ఆయన కాసేపు నన్నే చూశాడు, చూశాడో లేదో ఆ కళ్ళతో తెలియదు. "వేలెట్టినావా? ఎందుకమ్మా వేలెట్టడం?" అంటూ లేచి చెప్పుల కోసం తడుముకున్నాడు.

కాలనీకి వచ్చి వాల్వు మళ్ళీ విప్పాడు. స్పూల్ బయటికి తీసి కంటి దగ్గరకు తీసుకోలేదు. బొటనవేలి గోరుతో దాని ఒంటి మీద నిలువునా, అడ్డంగా గీసి చూశాడు. ఆయన ముఖం ముడుచుకుపోయింది.

"ఎవులమ్మా దీన్నిలాగ గీకినోలు?"

వెనక నిలబడి ఉన్న అధ్యక్షుడు గొంతు సవరించుకుని, "నేనే," అన్నారు.

బాబాయ్ వెనక్కి తిరిగాడు. "బాబుగారూ, ఇది గిన్ని కాదు కదా. దీన్నీ దీని గూడునీ ఒకదానికొకటి సరిపెట్టి సేస్తారు. మద్దెన నూనె పొర పట్టేంత సందే ఉంతాది. మీరు తుప్పు తీసినారు, తుప్పుతోపాటు ఒల్లూ తీసీసినారు. ఇప్పుడు నూనె మజ్జిగలాగ జారిపోతన్నది. మరొక గోలీ ఉండాలే, అదేదీ?"

అధ్యక్షుడు లాల్చీ జేబులోంచి మాత్రల డబ్బా తీసి ఇచ్చారు. అంటే, ఆయన దాన్ని జేబులో పెట్టుకునే తిరుగుతున్నారు.

"ఇదే కదా నూనెని ఎనక్కి పోకండా ఆపీది. ఇది నేకే, లాగినకొద్దీ పడిపోనాది."

కడ్డీ ఒకటే కొంటే సరిపోదట. గూడుతో సహా వాల్వంతా మార్చాలట. మా ట్రాక్టరు చేసినవాళ్ళు దాన్ని చెయ్యడం మానేసి చాలా ఏళ్ళయింది. పాత విడిభాగాలు అమ్మే మల్లిక్ బజార్‌లో నేనూ బాబాయ్ రెండు రోజులు తిరిగాం. అక్కడ కారును దాని యజమాని కన్నా ముందే గుర్తుపట్టే షాపులున్నాయి గానీ, ట్రాక్టరు అనగానే మమ్మల్ని దారి తప్పి వచ్చినవాళ్ళను చూసినట్టు చూశారు. మూడో రోజు ఒక షాపాయన టికియాపారాలో, రైలు పట్టాల పక్కన, పాత యంత్రాలు విడగొట్టే ఒక యార్డు ఉందని చెప్పాడు.

హౌరా బ్రిడ్జి దాటి వెళ్ళాం. ఆ యార్డులో యంత్రాలు తల ఒకచోట, కాళ్ళు ఒకచోట పడున్నాయి. యజమాని స్టూలు మీద కూర్చుని పెసరట్టులాంటిదేదో తింటూ, మేం ఏం అడగక ముందే "హై, హై" అన్నాడు. ముందు ఉంది అనేసి, ఏం ఉందో తర్వాత చూడొచ్చన్న ధోరణి. వాల్వులన్నీ ఒక రేకు డ్రమ్ములో ఉన్నాయి. బాబాయ్ గొంతుక్కూచుని ఒక్కొక్కటే తీసి, కడ్డీని సగం బయటికి లాగి, గూటికి ఉన్న రంధ్రాలు వేళ్ళతో మూసి, ఒక్కసారి బయటికి గుంజాడు. ఏమీ కాలేదు. పక్కన పెట్టాడు. అలా ఏడెనిమిది అయ్యాయి. తొమ్మిదోదో పదోదో గుంజితే "టప్" మంది, సోడా సీసా తెరిచినట్టు.

"ఇదిగో. నువ్వూ సూడు."

నా బొటనవేలు రంధ్రం మీద పెట్టించి కడ్డీ గుంజాడు. వేలి చర్మాన్ని లోపలి నుంచి ఎవరో పీల్చినట్టయింది. చేపపిల్ల నోటికి వేలు అందించినట్టు. బ్యాంకులూ బీమాలూ వాట్సాపులూ చెప్పని ఒక నిజం ఆ పీల్చుడులో ఉన్నట్టు నాకు తోచింది. ఈ వాక్యం ప్రొఫెసరు గారికి చూపిస్తే అతిశయోక్తి అంటారు. అననీ.

"నా కల్లు అందవు. దీపం పెట్టి లోన సూడు తల్లీ. నిలువుగీతలుంతే సెప్పు."

ఫోను లైటు వేసి గూట్లోకి చూశాను. నున్నగా ఉంది. గీతలు లేవన్నాను.

"బాగా సూసి సెప్పు. నీ మాట మీద బిగిత్తాను."

ఇంకోసారి, ఊపిరి బిగబట్టి చూశాను. లేవు. అది గోదాముల్లో సరుకు ఎత్తే ఫోర్క్‌లిఫ్టుదట. గొట్టాలు మా వాటికి సరిపోకపోతే నడుమ మార్చుడు నట్లు వేస్తానన్నాడు బాబాయ్. యజమాని తింటూనే దాన్ని పాత కాగితంలో చుట్టి ఇచ్చాడు.

బిగించే ముందు పాత నూనె తీసెయ్యాలి. ట్యాంకు కిందనున్న బిరడా విప్పగానే, నల్లగానో తేనె రంగులోనో రావలసిన నూనె పాలు ఎక్కువైన టీలా వచ్చింది. బాబాయ్ రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు.

"నీల్లు. నీల్లు సేరినాయి. అందుకే కడ్డీకి తుప్పట్టినాది. పైన మూతేదీ?"

నేను పైకి చూశాను. ట్యాంకు మీద ఒక బిస్కట్ డబ్బా మూత, దాని మీద పాలిథీన్ సంచి, పురికొసతో కట్టి ఉంది. కట్టింది నేనే. పోయిన ఏడాది వానాకాలంలో అసలు మూత ఎక్కడో పడిపోయిందని డ్రైవరు భాయ్ నాకు చెప్పాడు. నేను "మూత కొనుగోలు" అని ఎజెండాలో రాశాను. వరసగా మూడు సమావేశాలు కోరం లేక వాయిదా పడ్డాయి. నాలుగోదానికి నేనే మర్చిపోయాను. ఈలోగా వాన పడకుండా ఉంటుందని బిస్కట్ మూత కట్టాను. ఆ పనికి నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. కానీ మాత్రల డబ్బా జేబులోంచి తీసిన మనిషి అక్కడే నిలబడి ఉన్నారు.

"అది నేను కట్టిందే బాబాయ్," అన్నాను.

అధ్యక్షుడి వెన్ను నిటారుగా అయింది. ఇన్నాళ్ళకు ఆయన ముఖంలోకి రక్తం వచ్చింది. "అంటే మూలకారణం..." అని మొదలుపెట్టారు. ప్రొఫెసరు గారు "కార్యకారణ సంబంధం," అని అందుకున్నారు.

బాబాయ్ అధ్యక్షుణ్ణీ, నన్నూ ఇద్దరినీ వదిలెయ్యలేదు. "ఒకలు నీల్లోసినారు, ఒకలు గీకినారు. ఇద్దరూ కలిసి సంపినారు దీన్ని. మరి ఇద్దరూ కూకోని ట్యాంకు కడగండి. డీజిలుతో కడగాల. గుడ్డ పోగు ఒక్కటి లోన ఉండకూడదు."

అలా మా సంఘం అధ్యక్షుడూ, సంయుక్త కార్యదర్శీ ఇటుకల మీద ఎదురెదురుగా కూర్చుని ట్యాంకు కడిగాం. ఆయన లాల్చీ చేతులు మోచేతుల దాకా మడుచుకున్నారు. తర్వాత తలెత్తకుండానే అన్నారు:

"ముప్పై ఏళ్ళు వేరేవాళ్ళు చేసిన పనుల కింద సంతకం పెట్టానమ్మాయ్. నా చేత్తో ఒక వస్తువు విప్పి చూడడం ఆ ఆదివారమే మొదలు. రెండు గంటలు ఆకలి కూడా తెలియలేదు."

"మెరిసిందిలెండి అంకుల్," అన్నాను.

"బాగా మెరిసింది," అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ప్రొఫెసరు గారు మా మీద గొడుగు పట్టుకుని నిలబడ్డారు. ఆ నెలలో ఆయన చేసిన పనికొచ్చే పని అదే, ఎంతో నిలకడగా చేశారు.

కొత్త రబ్బరు రింగులు, కొత్త నూనె, మరతో బిగించే మూత. బాబాయ్ నట్లన్నీ చేతి లెక్కతో బిగించాడు. బకెట్టు నిండా తడి ఇసుక పోయించి పైకెత్తించాడు. ఇంజను ఆపించాడు. పక్కనున్న గోడ మీద బకెట్టు అంచు ఎత్తున నా చేత సుద్దముక్కతో ఒక గీత గీయించాడు.

"ఇంక ఎవులూ ముట్టకండి. టీ తాగి వద్దారి."

టీ తాగాం. రెండోసారి తాగాం. కాలనీ ఆడవాళ్ళు మేడల మీంచి చూస్తున్నారు. గంట దాటాక గోడ దగ్గరికి వెళ్ళి చూశాను. గీతా, అంచూ ఒకేచోట ఉన్నాయి. ఆ మాట చెబితే బాబాయ్ తల ఊపాడు, అంతే. డ్రైవరు భాయ్ మాత్రం ట్రాక్టరు బానెట్టును గేదెను నిమిరినట్టు నిమిరాడు.

సంఘం సన్మాన సభ పెట్టింది. సాంకేతిక సలహాకు ప్రొఫెసరు గారికి శాలువా, సమన్వయానికి నాకు శాలువా, మార్గదర్శనానికి ఇద్దరు మాజీ అధ్యక్షులకు శాలువాలు. ఫిట్టరు గారి పేరు పిలిచేసరికి శాలువాలు అయిపోయాయి. నాది తీసి ఆయన భుజం మీద కప్పబోయాను.

"ఈ ఉక్కలో సాలువేటమ్మా, సంపెత్తావేటి?" అని దాన్ని మడిచి నా చేతికే ఇచ్చాడు. మైకు దగ్గరికి రమ్మంటే రాలేదు. డబ్బాలో అడుగున మిగిలిన నూనె ఇస్తే వాళ్ళ చర్చి గేటు కీళ్ళకు పూస్తానన్నాడు. ఇచ్చాం.

ఇంజనీరుకు కబురు పెట్టాం. వచ్చాడు, ఈసారి కొంచెం దూరంగా నిలబడి చూశాడు. కాలువ కలుపుతామని రాసిచ్చాడు.

ఆ తర్వాతి పెద్ద వానకు మా నీళ్ళు బయటికి పోయాయి గానీ, వెనక వీధిలో మోకాలిలోతు నిలిచాయి. ఆ వీధివాళ్ళు నలుగురు వచ్చారు. ఒకరిది బెంగాలీ, ఒకరిది హిందీ, ఇద్దరిది రెండూ కలిసిన మాట. ట్రాక్టరు ఒక్కరోజు పంపమన్నారు. నేను అలవాటు ప్రకారం, బయటివాళ్ళకు ఇవ్వాలంటే తీర్మానం కావాలి, సమావేశం ఎప్పుడు పెట్టమంటారని అధ్యక్షుడికి ఫోను చేశాను.

ఆయన రెండు నిమిషాల్లో వచ్చారు. లుంగీ, బనీను, భుజాన తువ్వాలు. ఆ వేషంలో ఆయన్ని కాలనీలో ఎవరూ చూసి ఉండరు.

"సమావేశం తర్వాత పెట్టుకుందాం అమ్మాయ్. ముందు నూనె ఎంత ఉందో చూడు."

మూత విప్పి, కొలపుల్ల తుడిచి ముంచి చూశాను. సరిపోను ఉంది, రంగు కూడా బాగుంది. ఆయన డ్రైవరు భాయ్ పక్కన మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చున్నారు. గేటు దాటుతుంటే ప్రొఫెసరు గారు కిటికీలోంచి ఏదో చెప్పబోయారు. ఇంజను చప్పుడులో ఏమీ వినబడలేదు. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఆ నీళ్ళలో ట్రాక్టరు వెనకే నడిచాను. మధ్యాహ్నానికి ఆ వీధి కాలువలో నీళ్ళు కదిలాయి.